మళ్ళీ పెరిగిన బరువుకు మళ్ళీ ఆపరేషనా?

అడిగిన విషయం ఇదీ: ఊరు ఒడిశాలోని రాయగడ, వయసు 46, ఎత్తు 158 సెంటీమీటర్లు. 2019లో విశాఖపట్నంలో బరువు తగ్గడానికి స్లీవ్ ఆపరేషన్ (జీర్ణాశయాన్ని కోసి సన్నటి గొట్టంలా చేసేది) అయింది. అప్పటి బరువు 118 కిలోలు, ఏడాదిన్నరకి 79కి దిగింది, ఇప్పుడు 101. ఆగిపోయిన షుగర్ మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి (గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్). ఆరు నెలలుగా రాత్రిపూట గొంతులోకి పుల్లనీళ్ళు వస్తున్నాయి. ఒక డాక్టరు మళ్ళీ స్లీవ్ చేద్దామన్నారు, ఇంకొకరు మినీ బైపాస్ (ఆ గొట్టాన్ని చిన్నపేగుకి ఒక్కచోట కలిపేది) అన్నారు, ఇంట్లోవాళ్ళు బరువు తగ్గించే ఇంజెక్షన్ చాలంటున్నారు. ఏది మంచిది?

మీరు రాసిన దాంట్లో ముఖ్యమైన మాట 101 కిలోలు కాదమ్మా, ఆ పుల్లనీళ్ళు. ఏ ఆపరేషన్ అన్నది బరువు కంటే వాటిని బట్టే ఎక్కువ తేలుతుంది. అందుకని ముందే చెప్పేస్తాను: ఇలా ఆమ్లం ఎగదన్ని మంట ఉన్న మనిషికి మళ్ళీ స్లీవ్ వద్దు. మినీ బైపాస్‌కీ తొందర వద్దు. ఎండోస్కోపీ చూడకుండా ఎవరు ఏ ఆపరేషన్ పేరు చెప్పినా తేదీ ఒప్పుకోవద్దు.

ముందు లెక్క. మీరు 39 కిలోలు దిగారు, అందులో 22 తిరిగొచ్చాయి, అంటే సగం పైచిలుకు. బీఎంఐ (ఎత్తుని బట్టి చూసే బరువు లెక్క) 47 నుంచి 31.6కి వచ్చి, మళ్ళీ 40 దాటింది. స్లీవ్ తర్వాత రెండేళ్ళకి నాలుగైదు కిలోలు వెనక్కి రావడం మామూలే, దానికి ఎవరూ కత్తి పట్టక్కర్లేదు. మీది ఆ మామూలు హద్దు దాటింది, పైగా షుగర్ తిరిగొచ్చింది. కాబట్టి రెండో ఆపరేషన్ గురించి ఆలోచించడం తప్పేమీ కాదు. "నోరు కట్టుకోలేకపోయింది" అనే మాటలు మీ చెవిన పడే ఉంటాయి, వాటిని పక్కన పెట్టండి. స్లీవ్‌ని మొదట్లో మరీ ఎక్కువ బరువున్నవాళ్ళకి రెండు విడతల ఆపరేషన్‌లో మొదటి విడతగా చేసేవారు. దాంతోనే చాలామంది బాగా దిగడంతో తర్వాత అదే పూర్తి ఆపరేషన్ అయింది. కొందరికి ఆ రెండో విడత అవసరపడుతుందన్నది అప్పటినుంచీ తెలిసిన సంగతే.

ఎందుకు పెరిగిందన్నది తేలకుండా రెండో ఆపరేషన్ చేస్తే, మూడేళ్ళకి మళ్ళీ ఇదే ప్రశ్న అడగాల్సి వస్తుంది. కారణాలు మూడు చోట్ల ఉంటాయి: సంచి (కోయగా మిగిలిన జీర్ణాశయం) ఆకారంలో, తిండి తీరులో, వాడే మందుల్లో. చాలామందిలో మూడూ కొద్దికొద్దిగా కలిసి ఉంటాయి.

సంచి సంగతి. స్లీవ్‌లో జీర్ణాశయాన్ని నిలువునా కోసి మూడొంతుల పైగా తీసేస్తారు, అరటికాయంత గొట్టం మిగులుతుంది. లోపల బూజీ అనే గొట్టం పెట్టి దాని పక్కగా స్టేప్లర్ నడుపుతారు. 36 ఫ్రెంచ్ బూజీ అంటే 12 మిల్లీమీటర్ల మందం. ఈ పనిలో రెండు చోట్ల తేడా వస్తుంది. ఒకటి పైన ఎడమ మూల. ఆకలి హార్మోను గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యేది అక్కడే. ఆ మూలను పూర్తిగా తీయకపోతే ఏళ్ళు గడిచేకొద్దీ అది బుడగలా సాగుతుంది. రెండోది మధ్య వంపు. అక్కడ గొట్టం ఇరుకైనా, మెలి తిరిగినా కింద దారి బిగుస్తుంది, పైన ఒత్తిడి పెరుగుతుంది, ఆమ్లం గొంతులోకి ఎగదన్నుతుంది. వీటికి తోడు పొట్టకీ ఛాతీకీ మధ్య ఉన్న పొర వదులై, సంచి పైభాగం ఛాతీలోకి జారొచ్చు. దాన్ని హయాటస్ హెర్నియా అంటారు. మీ పుల్లనీళ్ళకి ఈ మూడింట్లో ఏదైనా కారణం కావచ్చు. ఇలాంటి గొట్టాన్ని మళ్ళీ సన్నగా కోస్తే లోపలి ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, మంట ఇంకా ముదురుతుంది. మళ్ళీ స్లీవ్ వద్దన్నది అందుకే. పై మూల స్పష్టంగా మిగిలిపోయి, మంట బొత్తిగా లేని కొద్దిమందికే అది పనికొస్తుంది.

ఇక తిండి. స్లీవ్ అడ్డుకునేది గట్టి పదార్థాన్ని. జారిపోయేవాటిని, నోట్లోనే పిండైపోయేవాటిని అది ఆపలేదు. మన వైపు అసలు చిక్కు అక్కడే ఉంది. సాయంత్రం గిన్నెడు ముఢీ (మరమరాలు), అందులో గుప్పెడు మిక్చర్, పక్కన టీ. ముఢీ నమిలితే పేస్టై ఇట్టే కిందికి దిగిపోతుంది, కడుపు నిండినట్టే ఉండదు. 50 గ్రాముల ముఢీ, 50 గ్రాముల మిక్చర్ కలిస్తే దగ్గర దగ్గర 450 కేలరీలు. రెండు చెంచాల చక్కెర వేసిన పాల టీ ఒక్కోటి 70 అనుకుంటే, రోజుకి అయిదుకి 350. చోడి అంబలి మంచిదే, కాని బెల్లం కలిపి పెద్ద గ్లాసు తాగితే స్లీవ్‌కి అది కూడా జారే తిండే. పఖాళ (నీళ్ళలో నానిన చద్దన్నం) నీళ్ళతో సహా తాగితే అన్నం మెతుకులు నీళ్ళతోనే కొట్టుకుపోతాయి. జీలుగు కల్లు అలవాటుంటే డాక్టరుకి దాచకుండా చెప్పండి, అది తప్పుల పట్టిక కాదు, లెక్కలో ఉండాల్సిన కేలరీ.

సంచి సాగిందా, తిండి జారిపోతోందా అని ఇంట్లోనే కొంత అంచనా వేసుకోవచ్చు. పొద్దున్న పరగడుపున గట్టి ఛెనా (పాలు విరిచి తీసిన ముద్ద) 250 గ్రాములు తూచి పెట్టుకోండి. మన మిఠాయి కొట్లలో నీళ్ళు పిండేసి అమ్మేదే, చక్కెర కలపనిది. పక్కన నీళ్ళు పెట్టుకోవద్దు. బాగా నమిలి తింటూ, ఇక చాలనిపించగానే ఆపి, మిగిలింది తూచండి. వంద గ్రాముల లోపే ఆగిపోయారంటే సంచి ఇంకా పని చేస్తోందని అనుకోవచ్చు, అప్పుడు చూడాల్సింది తిండి రకం. మొత్తం తినేసి ఇంకా ఖాళీగా ఉందంటే సంచి ఫొటోలు చూడాల్సిందే. ఇది పరీక్ష కాదు, పరీక్షకి వెళ్ళేముందు చేతిలో ఉండే ఆనవాలు మాత్రమే. దీంతోపాటు ఏడు రోజులు నోట్లోకి వెళ్ళిన ప్రతిదీ గంటతో సహా కాగితం మీద రాయండి. వంట చేస్తూ రుచి చూసిందీ, పిల్లలు వదిలేస్తే తిన్నదీ కూడా.

మందుల సంగతి చాలామంది అడగరు. మీరు వాడే గ్లిమిపిరైడ్ ఇన్సులిన్‌ని ఊరేలా చేసి బరువు పెంచుతుంది, మధ్యలో షుగర్ పడిపోతే ఆకలి కూడా వేస్తుంది. దాన్ని మార్చే వీలుందేమో అడగండి, సొంతంగా ఆపొద్దు. నిద్రకో తలనొప్పికో ఎమిట్రిప్టిలిన్, మిర్టాజపిన్, వాల్‌ప్రోయేట్ లాంటివి వాడుతున్నా అదే మాట. మోకాళ్ళ నొప్పులకి సంతలోనో చిన్న క్లినిక్‌లోనో ఇచ్చే పేరులేని పొట్లాల మందు వాడుతుంటే గట్టిగా అనుమానించండి, అలాంటి వాటిలో స్టెరాయిడ్ కలపడం కొత్తేమీ కాదు. మొహం గుండ్రమై, మెడ వెనక కొవ్వు పేరుకుంటే ఆ మాట డాక్టరుకి చెప్పాలి. కాని ఆ పొట్లాలను కూడా ఒక్కసారిగా మానొద్దు, నెలల తరబడి వాడిన స్టెరాయిడ్‌ని హఠాత్తుగా ఆపితే ప్రమాదం. థైరాయిడ్, గురక నిద్ర, నెలసరి ఆగే వయసు, ఇవీ లెక్కలోకి వస్తాయి.

ఇక పరీక్షలు. మొదటిది ఎండోస్కోపీ. రిపోర్టులో "గ్యాస్ట్రైటిస్" అని ఒక ముక్క రాసి ఇస్తే చాలదు. అన్నవాహిక పుండు లాస్ ఏంజెలెస్ గ్రేడు ఏ, బీ, సీ, డీల్లో ఏది (ఏ తక్కువ, డీ ఎక్కువ), బ్యారెట్ మార్పు (ఆమ్లం తగిలి అన్నవాహిక లోపలి పొర మారిపోవడం) ఉందా, హెర్నియా ఎన్ని సెంటీమీటర్లు, మధ్య వంపు దగ్గర స్కోపు తేలిగ్గా వెళ్ళిందా, ముక్క తీసి హెచ్ పైలోరీ (కడుపులో పుండుకి కారణమయ్యే క్రిమి) చూశారా, ఇవన్నీ రాయమని ముందే అడగండి. పాంటాప్రజోల్ లాంటి మాత్ర రెండు వారాలు ఆపితేనే హెచ్ పైలోరీ పరీక్ష నమ్మదగ్గది, ఆపేది డాక్టరు చెప్పాకే. రెండోది బేరియం మింగించి తీసే ఎక్స్‌రే. నిలబెట్టి, పడుకోబెట్టి రెండు రకాలుగా తీయాలి. నిలబడ్డప్పుడు కనబడని హెర్నియా, ఎగదన్నే బేరియం పడుకోబెడితే కనబడతాయి. సంచి సాగిన కొలత కావాలంటే గాలి నింపి తీసే సీటీ ఉంది. ఎండోస్కోపీ శుభ్రంగా ఉండి మంట మాత్రం ఉంటే ఆమ్లం ఎంత ఎగదన్నుతోందో కొలిచే 24 గంటల పీహెచ్ పరీక్ష, అన్నవాహిక పట్టు చూసే మానోమెట్రీ చేయిస్తారు.

రక్తంలో హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12, ఫోలేట్, విటమిన్ డి, కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోను, ఆల్బుమిన్, థైరాయిడ్, కాలేయం, కిడ్నీ పరీక్షలు కావాలి. స్లీవ్ అయి ఇన్నేళ్ళయింది కాబట్టి ఇప్పటికే ఐరన్, బీ12 తక్కువుండొచ్చు. లోటుతో ఆపరేషన్ బల్ల ఎక్కితే ఆ లోటు బైపాస్ తర్వాత ఇంకా పెరుగుతుంది. ముందే పూడ్చుకోవాలి. మన జిల్లాలకి ప్రత్యేకంగా ఇంకొక మాట: సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే పుట్టుక జబ్బు) పరీక్ష చేయించండి. రాయగడ, కోరాపుట్ వైపు ఇది తక్కువేం కాదు. మత్తుమందు డాక్టరుకి ఇది తెలియాలి. సికిల్ జబ్బు ఉన్నవాళ్ళలో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) అంకె నమ్మదగ్గది కాదు, షుగర్ నిజంగా ఎంతుందో వేరే పద్ధతిలో చూడాలి. తలసీమియా వాహకులైతే రక్తం తక్కువని ఐరన్ మీద ఐరన్ ఇచ్చేస్తుంటారు, ఫెరిటిన్ చూడకుండా అలా వాడొద్దు.

పాత ఆపరేషన్ కాగితం సంపాదించండి. డిశ్చార్జి కాగితం కాదు, ఆపరేషన్ నోట్. ఎన్ని స్టేప్లర్ కార్ట్రిడ్జ్‌లు వాడారు, బూజీ ఎంత, హెర్నియా కుట్టారా, లీకో (కుట్టు గీత విడి లోపలిది బయటికి కారడం) రక్తస్రావమో జరిగిందా అన్నవి అందులో ఉంటాయి. ఆసుపత్రి రికార్డు సెక్షన్‌కి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టుకుంటే ఇస్తారు. కొత్త సర్జన్‌కి సగం పని దీంతోనే తేలికవుతుంది.

ఇప్పుడు ఆపరేషన్లు. ఎండోస్కోపీలో సీ లేదా డీ గ్రేడు పుండు, బ్యారెట్, పెద్ద హెర్నియా, వీటిలో ఏది కనబడినా మీకు రూ-ఎన్-వై బైపాస్ అన్నదే నా మాట. అందులో స్లీవ్ పైభాగాన్ని దాదాపు 30 మిల్లీలీటర్ల చిన్న సంచిగా కోసి, చిన్నపేగును పైకి తెచ్చి కలుపుతారు. పిత్తరసం వచ్చే పేగును మరో చోట, బాగా కిందకి కలుపుతారు. అందువల్ల ఆమ్లమూ తక్కువ, పిత్తరసమూ గొంతు వైపు రాదు. హెర్నియా ఉంటే అదే పూటలో కుట్టేస్తారు. మినీ బైపాస్‌లో కలిపే చోటు ఒక్కటే కాబట్టి పని త్వరగా అవుతుంది, బరువూ బాగానే దిగుతుంది. కాని పిత్తరసం ఆ సంచి ముందునుంచే పోతుంది. అన్నవాహిక ఇప్పటికే పుండుపడి ఉంటే అది మంచి బేరం కాదు.

మంట కారణంగా బైపాస్ చేసినవాళ్ళకి మంట బాగా తగ్గుతుంది, షుగర్ మెరుగవుతుంది. బరువు మాత్రం మొదటిసారి దిగినట్టు దిగదు. ఇప్పుడున్న బరువులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా, అంటే మీకు 10 నుంచి 20 కిలోలు అనుకుని వెళ్ళండి. "మళ్ళీ 79కి తెస్తాం" అని ఎవరైనా హామీ ఇస్తే ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి. సాడీ, డ్యుయోడినల్ స్విచ్ అనే ఇంకో రెండు ఆపరేషన్లు బరువు ఎక్కువ దించుతాయి, ఆహారం ఒంటబట్టే పేగు పొడవును బాగా తగ్గిస్తాయి కాబట్టి. ఫలితంగా రోజుకి పలుమార్లు విరేచనాలు, ప్రొటీన్ లోటు, ఏ, డి విటమిన్ల లోటు. మూడు నెలలకోసారి రక్తపరీక్షలకి పట్నం వెళ్ళగలిగి, ఖరీదైన మాత్రలు జీవితాంతం కొనగలిగినవాళ్ళకే అవి. పైగా అవి మంటను తగ్గించవు.

రెండో ఆపరేషన్ కష్టం ఎక్కడుందో తెలిస్తే సర్జన్‌ని ఎంచుకోవడం తేలికవుతుంది. స్లీవ్ అయిన సంచి కాలేయం ఎడమ భాగానికి అతుక్కుపోయి ఉంటుంది, ముందు దాన్ని విడదీయాలి. పాత కుట్టు గీత దగ్గర కండ మందంగా గట్టిపడి ఉంటుంది, పలచటి కండకి వాడే నీలం కార్ట్రిడ్జ్ అక్కడ సరిగా మూసుకోకపోవచ్చు, ఎక్కువ ఎత్తు పిన్నులున్న ఆకుపచ్చదో నల్లదో కావాలి. కొత్త కుట్టు గీతకీ పాత గీతకీ మధ్య సన్నటి కండ పట్టీ మిగిలితే దానికి రక్తం అందక చచ్చిపోతుంది, లీకు అక్కడే మొదలవుతుంది. అందుకే మొదటిసారి కంటే రెండోసారి లీకు ప్రమాదం ఎక్కువ. సర్జన్‌ని అడగాల్సింది "ఎన్ని ఆపరేషన్లు చేశారు" అని కాదు, "స్లీవ్‌ని బైపాస్‌గా మార్చినవి ఎన్ని, లీకైతే ఎండోస్కోపీ స్టెంట్ ఇక్కడే పెడతారా, వేరే ఊరు పంపుతారా" అని.

ఇంజెక్షన్ మాట. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ వారానికోసారి వేసుకునేవి, రెండూ మన దేశంలో దొరుకుతున్నాయి. స్లీవ్ తర్వాత బరువు పెరిగినవాళ్ళకి ఇవి పనికొస్తాయి, ఎండోస్కోపీ శుభ్రంగా ఉంటే మొదట వీటినే ప్రయత్నించడం సబబు. సెమాగ్లుటైడ్ 0.25 మిల్లీగ్రాములతోనూ, టిర్జెపటైడ్ 2.5తోనూ మొదలుపెట్టి కనీసం నాలుగు వారాలకోసారి పెంచుకుంటూ పోతారు. గ్లిమిపిరైడ్ పక్కన ఉంటే షుగర్ పడిపోతుంది కాబట్టి దాని మోతాదు ముందే తగ్గించాలి. కాని రెండు సంగతులు గుర్తుంచుకోండి: ఇవి కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మదింపజేస్తాయి, మీ పుల్లనీళ్ళు పెరగొచ్చు. ఆపేస్తే బరువు తిరిగొస్తుంది. మెడ్యుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఇంట్లో ఎవరికైనా ఉంటే ఇవి వాడకూడదు, గతంలో పాంక్రియాస్ వాపు వచ్చి ఉంటే డాక్టరుకి ముందే చెప్పాలి. విశాఖ నుంచి పెన్ను తెచ్చుకుంటే ఐస్ ప్యాక్‌కి తగలకుండా గుడ్డ చుట్టి తెండి, ఒకసారి గడ్డకట్టిన మందు పారేయాల్సిందే. మంటతో అన్నవాహిక పుండుపడినవాళ్ళలో చాలామందికి సరైన దారి, ముందు మంటకి బైపాస్, ఆరేడు నెలలకి బరువు నిలిచిపోతే అప్పుడు ఇంజెక్షన్ తోడు.

పొగాకు గురించి మొహమాటం లేకుండా. బైపాస్ తర్వాత కలిపిన చోట పుండు పడడానికి పెద్ద కారణం పొగాకు. సిగరెట్టు తాగనంటే సరిపోదు. పొద్దున్నే పళ్ళకి రుద్దే గుడాఖు, కిళ్ళీలో జర్దా, ఖైనీ, అడ్డచుట్ట, అన్నిటిలోనూ నికోటిన్ ఉంది. గుడాఖుని పళ్ళపొడిగా లెక్కేసి చెప్పకపోవడం మన వైపు మామూలు. కనీసం ఆరు వారాలు ముందు మానాలి, తర్వాత మళ్ళీ ముట్టకూడదు. నొప్పి మాత్రల్లో డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ జీవితాంతం బంద్, పారాసెటమాల్ ఒక్కటే.

ఆపరేషన్‌కి ముందు రెండు నుంచి నాలుగు వారాలు 800–1000 కేలరీల తిండి పెడతారు. కాలేయం కుంచించుకుంటేనే సర్జన్‌కి దాన్ని పైకెత్తి చోటు చేసుకోవడం వీలవుతుంది. ఆ రోజుల్లో గ్లిమిపిరైడ్ మోతాదు అలాగే ఉంచితే షుగర్ పడిపోతుంది, అడిగి తగ్గించుకోండి.

డిశ్చార్జి కాగానే రైలెక్కకండి. వారం పది రోజులు విశాఖలోనే ఆసుపత్రికి దగ్గర్లో ఉండాలి, లీకు బయటపడేది ఎక్కువగా ఆ రోజుల్లోనే. నాడి నిమిషానికి 120 దాటడం, జ్వరం, ఎడమ భుజం నొప్పి, ఊపిరి ఆడకపోవడం, వీటిలో ఏ ఒక్కటున్నా గ్యాస్ అనుకుని ఆగొద్దు. రైల్లో గంటకోసారి లేచి నాలుగడుగులు నడవండి, కాలి పిక్కల్లో రక్తం గడ్డకట్టకుండా. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్లు ఎన్ని రోజులు రాశారో అన్నీ పూర్తి చేయాలి.

ఇంటికొచ్చాక రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్. కోడిగుడ్డులో 6, వంద గ్రాముల చేపలో 18–20, వంద గ్రాముల ఛెనాలో దాదాపు 18, పాతిక గ్రాముల ఎండు సోయా ముక్కల్లో 13. అన్నం చివర తినాలి, ముందు కాదు. నీళ్ళు తిండికి అరగంట అటూ ఇటూ. బీ12 నెలకోసారి 1000 మైక్రోగ్రాముల సూది, కాల్షియం సిట్రేట్ రోజుకి 1200–1500 మిల్లీగ్రాములు, ఒక్కసారి 500కి మించకుండా. ఐరన్‌కీ కాల్షియానికీ మధ్య రెండు గంటలు ఎడం ఉండాలి, లేకపోతే ఐరన్ ఒంటికి పట్టదు. టీతో కూడా అంతే. కల్లు, సారా ఆపరేషన్‌కి ముందు తాగినదానికంటే చాలా తక్కువకే, ఇంకా వేగంగా తలకెక్కుతాయి.

బీమా ఉంటే పాలసీలో స్థూలకాయం నిబంధన చదవండి. బీఎంఐ 40 పైన, లేదా 35 పైన ఉండి మందులకి లొంగని షుగర్, తీవ్రమైన నిద్ర శ్వాస జబ్బు, గుండె జబ్బు లాంటివి ఉంటేనే ఇస్తారు. మీ 40.5 అంచు మీదుంది. ముందు తిండితో నాలుగు కిలోలు దిగాక తూకం రాయిస్తే క్లెయిమ్ చిక్కుల్లో పడొచ్చు, కాబట్టి ఇప్పటి బరువునే డాక్టరు కాగితం మీద ఎక్కించి, బీమా కంపెనీ నుంచి రాతపూర్వక అనుమతి తెచ్చుకోండి. రెండో ఆపరేషన్ అనే మాట అందులో ఉండాలి.

చివరిగా ఒక చీటీ. విశాఖలో చేయించుకున్నా, అర్ధరాత్రి కడుపునొప్పి వస్తే మీరు వెళ్ళేది రాయగడ ఆసుపత్రికే. అక్కడి డ్యూటీ డాక్టరుకి మీ లోపల ఏముందో తెలియదు. తెలుగులోనూ ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ ఒక కార్డు రాయించి పర్సులో పెట్టుకోండి: రూ-ఎన్-వై బైపాస్ తేదీ, సర్జన్ ఫోను, డైక్లోఫెనాక్ సూది వద్దు, ముక్కులోంచి గొట్టం చూడకుండా తోయొద్దు, వాంతులు రెండు మూడు రోజులు దాటితే గ్లూకోజ్ సీసా ఎక్కించే ముందు థయామిన్ (విటమిన్ బీ1) 100 మిల్లీగ్రాములు ఇవ్వాలి, కడుపు బిగపట్టే నొప్పి తగ్గకపోతే పేగు మెలిపడిందేమో సీటీ తీయాలి. థయామిన్ మాట కింద గీత గీయించండి. నీరసంగా ఉన్నవాళ్ళకి ముందు గ్లూకోజే పెట్టడం అలవాటు, థయామిన్ లేకుండా గ్లూకోజ్ ఎక్కితే మెదడుకి దెబ్బ తగలొచ్చు.